తథాస్తు దేవతలకు జడిసిన మనిషి

మీ ఇంట్లో ఎవరైనా ఈమధ్య "నాకు ఒంట్లో బాగాలేదు" అని నోరు తెరిచి అన్నారా? అన్నప్పుడు మీరు ముందు చేసిన పని ఏమిటి? నుదుటి మీద చెయ్యి వేసి చూశారా, లేక "ఛ, అలాంటి మాటలు అనకూడదు" అని నోరు మూయించారా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు, మీకు మీరు చెప్పుకోండి. నేను రాస్తున్న మనిషి నోరు మూయించే ఇంట్లో పుట్టింది. కెనడాలోని మిస్సిసాగా వచ్చి అలాంటి ఇల్లే మళ్ళీ కట్టుకుంది. చివరికి ఆఫ్రికాలో, కిలిమంజారో కొండ మీద చచ్చిపోయింది.

"చచ్చిపోయింది" అని రాసినందుకు కొందరు ముఖం చిట్లిస్తారు. కాలం చేశారనో, శివైక్యం చెందారనో రాయాలట. ఆవిడే ఈ మాట వింటే కుడి అరచెయ్యి గాలిలోకి ఎత్తి, నల్లబల్ల తుడిచినట్టు అటూ ఇటూ తుడిచి, "క్యాన్సిల్, క్యాన్సిల్! మాట మార్చండి మాస్టారూ" అనేది. ఆ చెయ్యి ఇంకా నా కళ్ళముందు ఆడుతూనే ఉంది. చిన్న చెయ్యి. రోజంతా ల్యాబ్ గ్లవుజుల్లో ఉండి ఉండి గోళ్ళ పక్కన తోలు లేచిపోయి ఉండేది. ఆ చేత్తో ఎందరి మాటలు తుడిచేసిందో!

మా టౌన్‌హౌస్ వరసలో మాకు రెండిళ్ళ అవతల ఉండేది. కాకినాడ మనిషి. మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని. నేను ఇండియాలో ఫిజిక్స్ చెప్పి, మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు పోగొట్టుకుని, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చినవాణ్ణి. అందుకని మాస్టారూ అని పిలిచేది. నా గురించి కొత్తవాళ్ళకు చెప్పేటప్పుడు మాత్రం "మా వీధి నాస్తికుడు గారండీ, మంచివారే" అనేది.

పైన ఎక్కడో తథాస్తు దేవతలు తిరుగుతుంటారని ఆవిడ నమ్మకం. కింద మనిషి ఏ మాటంటే దానికల్లా "అలాగే అగుగాక" అంటారట. అది ఆవిడ ఒక్కదాని నమ్మకమేమీ కాదు, మనలో సగం మంది ఇళ్ళలో ఉన్నదే. అందరూ అప్పుడప్పుడూ నమ్మేదాన్ని ఆవిడ ప్రతి నిమిషమూ నమ్మింది. బియ్యం అయిపోతే నిండుకున్నాయనేది. వాళ్ళాయన ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న చలికాలమంతా "మావారు రెస్ట్‌లో ఉన్నారండీ" అంది. ఫోనులో ఎవరు ఎలా ఉన్నారని అడిగినా ఒకటే జవాబు: "సూపర్!" ముక్కు కారుతున్నా సూపరే, పంటి కింద చీము పట్టి చెంప వాచినా సూపరే.

ఒకసారి మంచు తుఫానులో హైవే 401 మీద నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తోంది. ముందు లారీ తోక అటూ ఇటూ ఊగుతోంది. "జాగ్రత్తమ్మా, అది జారేట్టుంది" అన్నాను.

"మాస్టారూ, ఇంకో మాటన్నారంటే ఇక్కడే దింపేస్తాను. నడిచి రండి ఇంటికి."

"దింపేస్తే చచ్చిపోతాను కదమ్మా."

"అదిగో! క్యాన్సిల్!" అని స్టీరింగు మీంచి చెయ్యి తీసి గాలి తుడిచింది. ఆ క్షణంలో మమ్మల్ని చంపగలిగేది ఆ తుడవడం ఒక్కటే!

ఈ మనిషే ఆఫీసులో ఇంకో మనిషి. ఒకసారి మాత్ర మీద ఒక నల్ల చుక్క కనబడిందని బ్యాచ్ మొత్తం ఆపేసిందట. మేనేజరు వచ్చి అదేమీ లేదు, నథింగ్ అన్నాడట. "నథింగ్ అయితే కనబడదు కదా" అందట. మూడు రోజులు పోట్లాడి రిజెక్ట్ చేయించింది. నాకు ఈ కథ చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళు వెలిగాయి. మాత్రకు ఇచ్చిన న్యాయం తన ఒంటికి ఎందుకివ్వలేదు? ఈ ప్రశ్న నేను ఆవిణ్ణే అడిగాను, వేరే మాటల్లో.

ఒక ఆదివారం చెరువు గట్టున నడుస్తున్నాం. చెరువంటే ఒంటారియో సరస్సు, మా తెలుగువాళ్ళ వాకింగ్ గుంపు దాన్ని చెరువనే పిలుస్తుంది. "మీ దేవతలు కెనడా కూడా వస్తారా అమ్మా? వీసా ఎవరిచ్చారు?" అన్నాను.

"వాళ్ళకి ఇమిగ్రేషన్ లేదండి. మనం ఎక్కడుంటే అక్కడే."

"మరి ఆఫీసులో రోజూ రిజెక్ట్, ఫెయిల్, డిఫెక్ట్ అంటారే!"

కాస్త ఆలోచించింది. "ఇంగ్లీషు వాళ్ళకి అంతగా రాదనుకుంటానండి."

"నేను ముప్పయ్యేళ్ళుగా దేవుడు లేడని సభల్లో అరుస్తున్నాను, అదీ తెలుగులో. ఒక్కసారి తథాస్తు అంటే పీడా పోయేది కదా?"

"అంటే వాళ్ళ ఉద్యోగాలూ పోతాయి కదా మాస్టారూ. అందుకే ఊరుకున్నారు."

పక్కన నడుస్తున్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నన్ను ఇంత శుభ్రంగా ఓడించినవాళ్ళు సభల్లో కూడా తక్కువ. నేనూ నవ్వాను. ఆ నవ్వు కింద ఏముందో కొన్నాళ్ళ తర్వాతగానీ తెలియలేదు.

మా ఇంట్లో టీ తాగుతూ తనంత తనే చెప్పింది. పదేళ్ళప్పుడు తమ్ముడు తన రిబ్బన్లు కత్తిరించాడట. కోపంలో "నువ్వు చచ్చిపో" అందట. ఆ వానాకాలమే వాడు మెదడువాపు జ్వరంతో పోయాడు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే అమ్మమ్మ అందరి ముందూ ఈవిడ వైపు చూసి, "దాని నోరే" అందట. అంతే. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు, కాదని కూడా అనలేదు.

"వాణ్ణి దోమ చంపింది" అన్నాను. "దోమ తెచ్చిన జబ్బు చంపింది. మీ ఊళ్ళో ఆ ఏడాది ఇంకా ఎంతమంది పిల్లలు పోయి ఉంటారో. అందరికీ అక్కలు శాపాలు పెట్టారా?"

"తెలుసండి. నేనూ సైన్సే చదివాను." కప్పు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది. "తెలుసు. కానీ మళ్ళీ అనలేను."

నేను దేవుళ్ళ మీద ఎన్నో కోపాలు పెట్టుకున్నాను. ఆ రోజు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. పదేళ్ళ పిల్ల నెత్తిన ఒక చావును ఎత్తిపెట్టి, దించుకునే దారి చెప్పకుండా వదిలేసిన నమ్మకాన్ని సంస్కృతి అని పిలవమంటారు. నేను పిలవను.

కిలిమంజారో ఆలోచన మా గుంపు నాయకుడిది. హైదరాబాదు నుంచి వచ్చి ఐటీలో ప్రాజెక్టులు నడిపే అతన్ని అందరం కెప్టెన్ అంటాం. చెడ్డవాడు కాడు, మంచి హుషారైన మనిషి. హామిల్టన్‌లో కొండ మెట్లు ఎక్కించి, దిగించి, మళ్ళీ ఎక్కించి మా చేత సాధన చేయించాడు. నా వయసు చూసి కొందరు వద్దన్నారు. డాక్టరు సరేనన్నాడు, వెళ్ళాను. ఆవిడ ఎందుకు వస్తోందని అడిగితే మొదట "సూపర్‌గా ఉంటుంది కదండీ" అంది. మెట్ల మీద ఆయాసపడుతూ ఇంకోసారి అడిగినప్పుడు నిజం చెప్పింది. "ఎవరి భార్యగానూ, ఎవరి అమ్మగానూ కాకుండా ఒక్క చోటుకి చేరాలి మాస్టారూ. అక్కడ ఒక్క ఫొటో." నేనింక ఎగతాళి చెయ్యలేదు. ఆ కోరిక నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది.

కొండ మొదట్లో అడవి, తర్వాత పొదలు, ఆపైన రాయీ దుమ్మూ. ప్రతి మధ్యాహ్నం గుడారాలకు చేరగానే వేడి టీ, పళ్ళెంలో పాప్‌కార్న్. సాయంత్రం భోజనాల గుడారంలోకి పెద్ద గైడు వచ్చి ఒక్కొక్కరి వేలికీ క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసేవాడు. తల నొప్పిగా ఉందా, తిన్నది ఇముడుతోందా, నిద్ర పట్టిందా అని అడిగేవాడు. ఎక్కువ ఎత్తులో గాలి పలచన. కొందరి ఊపిరితిత్తుల్లోకి, కొందరి మెదడులోకి నీరు చేరుతుంది. ఎవరికి చేరుతుందో ముందు తెలియదు. దానికి అసలైన మందు కిందికి దిగడం. దిగాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. కొండ మీద మొత్తం రక్షణ ఏర్పాటు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

మనవాళ్ళు ఆ ఏర్పాటును ఏం చేశారో వినండి. గైడు రాబోతున్నాడనగానే కెప్టెన్ చప్పట్లు కొట్టేవాడు. "అందరూ డీప్ బ్రీత్ స్టార్ట్ చెయ్యండి!" అందరూ బుసబుసా గాలి పీల్చి, వేళ్ళు రుద్దుకుని వెచ్చబెట్టుకుని కూర్చునేవాళ్ళు, క్లిప్పులో అంకె పెరగాలని. ఎంట్రన్సు పరీక్షలు రాసి పెరిగిన జాతి కదా! ఎదురుగా ఎవరు ప్రశ్న వేసినా అది మార్కుల కోసమే అనుకుంటాం. మా ప్రాణం కోసం అడుగుతున్న ప్రశ్నకు కాపీ కొట్టి పాసయ్యాం. అందులో మొదటి ర్యాంకు ఆవిడదే.

"తలనొప్పి? పదికి ఎంత?" అని గైడు ఇంగ్లీషులోనే అడిగేవాడు.

"జీరో. సూపర్!" దేవతలకు రాని భాషలో కూడా చెప్పలేకపోయింది.

పొదలు దాటి రాయి మొదలైన చోట నాకు తల పగిలిపోయే నొప్పి వచ్చింది. రెండుసార్లు వాంతి. సాయంత్రం గైడుతో ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంకుల్, గిట్ల అంటే ఎట్ల?" అన్నాడు కెప్టెన్. "టీమ్ మొత్తం మూడ్ ఖరాబైతది."

"నా తల ఖరాబైంది బాబూ, అది చెప్పాను."

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "అనేశారు. ఇంక అయిపోతుంది మాస్టారూ."

అయింది. పొద్దున్నే ఒక సహాయ గైడును తోడిచ్చి నన్ను కిందికి పంపించారు. బయల్దేరుతుంటే ఆవిడ వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. జాకెట్టు జిప్పు పెట్టుకోవాలని చూస్తోంది. కొక్కెం గాడిలోకి వెళ్ళడం లేదు. వేళ్ళు దాని చుట్టూ తిరుగుతున్నాయి కానీ పట్టుకోవడం లేదు. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మాటకూ మాటకూ మధ్య చిన్న దగ్గు.

నేను ఆవిడతో వాదించలేదు. నేరుగా పెద్ద గైడు దగ్గరికి వెళ్ళి, "ఈవిడకు నాకంటే ఎక్కువైంది. ఈవిణ్ణి కూడా దించండి, లేకపోతే ప్రాణం పోతుంది" అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ విన్నారు.

ఆవిడ చెయ్యి పైకి లేచింది. ఈసారి నవ్వు లేదు. "క్యాన్సిల్" అంది, చాలా మెల్లగా. తర్వాత గైడుతో, నేను ఎప్పుడూ వినని గట్టి గొంతుతో, "ఆయనకు భయం. తనతోపాటు తోడు కావాలి ఆయనకు. నేను సూపర్‌గా ఉన్నాను" అంది. కెప్టెన్ అందుకున్నాడు. "అంకుల్ మొదటి నుంచీ నెగెటివ్." మెదడులోకి నీరు చేరిందేమో చూడడానికి గైడు నేల మీద గీత గీసి, ఆవిణ్ణి మడమకు మునివేళ్ళు ఆనించి నడవమన్నాడు. పళ్ళు బిగించి నడిచింది. తూలకుండా నడిచింది. ఒంట్లో మిగిలిన బలమంతా ఆ గీత మీద ఖర్చుపెట్టింది. గైడు నావైపు చూసి భుజాలెగరేశాడు. అతనెవరిని నమ్మాలి? గొడవ చేస్తున్న రోగినా, గీత మీద నడిచిన మనిషినా?

తర్వాతి సంగతి నాకు శ్రావణి చెప్పింది. మా గుంపులో అందరికన్నా చిన్నది, ఆవిడ గుడారంలోనే పడుకున్న అమ్మాయి. కెనడా తిరిగి వచ్చాక ఒక సాయంత్రం మా వంటింట్లో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

"మీరు దిగిపోయాక ఆ రాత్రంతా దగ్గారు అంకుల్. ఊపిరి తీస్తుంటే గొంతులో నీళ్ళు మరుగుతున్నట్టు సౌండ్. గైడ్‌ని పిలుస్తానన్నాను. నా నోటి మీద చెయ్యి పెట్టేశారు. 'అనకమ్మా. అన్నావంటే నిజమైపోతుంది' అన్నారు. బతిమాలారు అంకుల్, ఆంటీ నన్ను బతిమాలారు. గైడ్ వచ్చి అడిగితే సూపర్ అన్నారు. కెప్టెన్ 'షి ఈజ్ అవర్ టైగర్' అన్నారు. నేనేం మాట్లాడలేదు. నేను మాట్లాడితేనే ఏమైనా అవుతుందేమో అనిపించింది."

శిఖరానికి బయల్దేరిన కాసేపటికే ఆవిడ బండ మీద కూర్చుని లేవలేదు. నోటి నుంచి గులాబీరంగు నురుగు వచ్చింది. గైడ్లు ఆక్సిజన్ పెట్టి, స్ట్రెచర్ మీద వంతులేసుకుని మోస్తూ ఆ రాళ్ళలో కిందికి పరిగెత్తారు. కింది మజిలీ చేరకముందే ప్రాణం పోయింది. ఆవిడ కోరుకున్న ఫొటో లేదు.

మిస్సిసాగాలో సంతాపసభ పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకున్నారు. జీవితంలో ఒక్క చెడ్డమాట అనని మనిషి అన్నారు. కొండ మీద పోవడం పుణ్యం అన్నారు. ఆ గైడుగాడి నిర్లక్ష్యమే చంపిందని ఒకాయన బల్ల గుద్దాడు. చప్పట్లు కూడా కొట్టారు! రోజూ వచ్చి అడిగినవాడిది నిర్లక్ష్యమట, రోజూ అబద్ధం చెప్పిన మనది శోకమట. నేను లేచి ఈ మాటే అన్నాను. మైకు కట్ చేశారు. బయట చెప్పులేసుకుంటుంటే వెనక ఒక ఆంటీ గొంతు వినబడింది. "పైన ఈయనే అన్నాడటగా, ప్రాణం పోతుందని. అదే తగిలింది. కొందరి నోరు అంతే."

ఈ ఒక్కటి దాచకుండా రాయాలి. జీవితమంతా ఇలాంటి మాటల్ని చీల్చి చెండాడినవాణ్ణి. ఆ పార్కింగు లాటులో, కారు తాళం చేతిలో పట్టుకుని, ఒక్క క్షణం నా నోటిని నేనే అనుమానించాను. ఒక్క క్షణమే. అరవై దాటి, ఇంత చదివి, ఇన్ని సభలు చూసిన నాకే ఒంట్లోంచి చలి పుట్టింది. అప్పుడు అర్థమైంది, రిబ్బన్లు తెగిన ఆ పదేళ్ళ పిల్ల నలభై ఏళ్ళు ఏం మోసిందో.

మొదటి మంచు పడిన రోజు వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే వాళ్ళాయన పార పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మితభాషి. "మాస్టారూ, పైన మీరు ఎగ్జాక్ట్‌గా ఏమన్నారు?"

"దించకపోతే ప్రాణం పోతుందన్నాను."

తలూపాడు. పార మంచులో గుచ్చి దాని మీద బరువు ఆన్చాడు. "పోయే ముందురోజు కొండ మీంచి ఫోన్ చేసింది. దగ్గు వినబడింది. ఎలా ఉన్నావంటే సూపర్ అంది. నాకు తెలుసు మాస్టారూ, అది సూపర్ కాదని. ఇరవై ఐదేళ్ళు కాపురం చేశాను. అయినా గుడ్ గుడ్ అని పెట్టేశాను." పార మంచులోంచి పైకి లాగుతూ, "మీరొక్కరే అన్నారు" అన్నాడు. అది నింద కాదని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, నిన్న మా వాకింగ్ గుంపు వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. వచ్చే వేసవిలో ఆవిడ జ్ఞాపకార్థం మళ్ళీ కిలిమంజారో. కెప్టెనే తీసుకెళ్తాడు. ఆవిడ నవ్వుతున్న ఫొటో కింద ఒకే నియమం: "ఆమె స్ఫూర్తితో, ఒక్క నెగెటివ్ మాట లేని యాత్ర." దాని కింద వరసగా దండాలు, గుండె బొమ్మలు, చేరుతున్నవాళ్ళ పేర్లు. ఆ పేర్లలో ఆవిడ కూతురు ఉంది. యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల. వెళ్ళి మాట్లాడాను. "ఐ వాంట్ టు ఫినిష్ ఇట్ ఫర్ అమ్మ, మాస్టారు" అంది. ఒంట్లో ఎలా ఉంటోందమ్మా అని అడిగాను. సూపర్ అంది. వాళ్ళ నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

కొండ ఎక్కొద్దని నేననను. ఎక్కండి. కానీ ఆ నియమం కింద ఎక్కేవాళ్ళు ఆవిడను స్మరించడం లేదు, ఆవిడ ఎలా చచ్చిందో దాన్ని ప్రాక్టీసు చేస్తున్నారు. ఆ పేర్లలో మీ పేరుంటే, మీ భార్య పేరుంటే, మీ స్నేహితుడి పేరుంటే, ఈ పేజీ పక్కన పెట్టి కెప్టెన్‌కు ఫోన్ చేయండి. ఆ నియమం తీసేయమనండి. తలనొప్పి వస్తే తలనొప్పి అని చెబుతామని, పక్కవాడు దాస్తే వాడి తరఫున మేమే చెబుతామని, అందరూ వినేలా చెప్పండి. అతను ఒప్పుకోకపోతే మీ పేరు కొట్టేయండి. ఆ తర్వాత ఆ పిల్ల ఇంటి తలుపు కొట్టి, దాని పేరు కూడా కొట్టేయించండి.